ఎంగిలి బాకీ

ఆగస్టు 9. మూత 131వ రోజు.

ఉతికిన గాలి గుడ్డలు 6. పట్టిన నీళ్లు 4 బిందెలు. విసిరిన జొన్నపిండి 2 శేర్లు. తొక్కిన పంకా వంతులు 2, ఒక్కొక్కటి నలభై నిమిషాలు. తుడిచిన దీపాలు 3. రోజువారీ పని కాక, ఒక మంచం అదనంగా వేసి తెర కట్టాను.

మంచం మా వదిన కొమురక్కకు. మా ఆయన గట్టయ్యకు సొంత అక్క. రక్తం క్యాన్సర్‌కు ఐదు నెలలు గనిలో పై మట్టం ఆసుపత్రిలో ఉండి, కీమో పూర్తి చేసుకుని, ఈ మధ్యాహ్నం లిఫ్టు బోనులో మా మూడో మట్టానికి దిగింది. వెళ్లినప్పుడు 61 కిలోలు, ఇప్పుడు 46. నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. నోరు మాత్రం వెళ్లినప్పటిదే. గది నాలుగు మూలలూ చూసి, తెర కొత్తది కొన్నావా, పాత చీరలు అతికావా అని అడిగింది. అతికినవే అన్నాను.

"నీ లెక్కలు సచ్చినా మారవు వనమాలా," అంది.

మారకపోవడమే ఇప్పుడు ఆమెకు అవసరం. కీమో చెడ్డ కణాలతో పాటు మంచివాటినీ తీసుకుపోయింది. ఆ తర్వాత వాడిన మందులకు గొంతులో, కడుపులో ఉండే మేలు చేసే క్రిములన్నీ పోయాయి. ఇంతకాలం ఊపిరితిత్తులకు కాపలా కాసినవి అవే. ఎండాకాలం గనికి వేసిన మూత తీసే రోజు సెప్టెంబరు 20. పైన ఎండలు తగ్గి, తలుపులు తెరిచి, బయటి గాలి పంకాల్లోకి వదిలితే, ప్రతి ఏడూ పది రోజుల్లోపల చలిదగ్గు దిగుతుంది. మాకైతే నాలుగు రోజుల ముక్కు కారుడు. పోయినేడు కీమో చేయించుకుని దిగిన ఇద్దరిలో ఒకరు పదకొండో రోజున పోయారు.

అంటే నా చేతిలో 42 రోజులు ఉన్నాయి. ఆ లోపల ఆమె గొంతులో తోడు, అంటే కొత్త మేలు క్రిములు, నిలవాలి. నిలవకపోతే తలుపు తీసేముందే ఆమెను మళ్లీ పైకి, ఆసుపత్రి అద్దాల గదికి, చలి నాలుగు నెలలూ ఒంటరిగా పంపాలి. ఆ మాట అనగానే కొమురక్క, మళ్లీ ఆ గదికి పంపేకంటే గొయ్యి తవ్వండి, గనిలోనే ఉన్నాం గనక తవ్వకం ఖర్చు తక్కువ అంది.

కాపలా కణాలు, అంటే నెత్తుటిలోని తెల్ల కణాలు: 700. వెయ్యి దాటేదాకా తోడు పెట్టకూడదని డాక్టర్ షాహిదా గట్టిగా చెప్పింది. కాపలా లేని ఇంటికి మంచి చుట్టం వచ్చినా ముప్పేనట.


ఆగస్టు 13. మూత 135వ రోజు.

గాలి గుడ్డలు 6. నీళ్లు 5 బిందెలు. పంకా వంతులు 2. కాపలా కణాలు 880.

మా గల్లీలో ప్రతి ఇంటికీ ఒక తోడు కుండ ఉంటుంది. జొన్న అంబలి కాచి, గోరువెచ్చగా అయ్యాక, ఇంటి పెద్ద పొద్దున్నే నోరు కడగకముందు ఒక చెంచా అంబలి నోట్లో నిలిపి కుండలో వదులుతుంది. నేల మీద బతికిన పైలోకం రోజుల్లో ఎంగిలి అంటే తిట్టు. మా మేనత్త ఆ రోజులు చూసింది. దగ్గు ఏళ్ల తర్వాత ఎంగిలి కాపాడుతుందని తెలిసి, అది ఆస్తి అయింది. ఏ ఇంటి కుండ దానిదే. ఒకదానిలో ఉన్నది ఇంకోదానిలో ఉండదు.

డాక్టరమ్మ గల్లీలో పదకొండు కుండలు పరీక్ష చేసింది. మా కుండ కడుపుకు మంచిదట, ఊపిరికి చాలదట. వదినకు కావలసింది ఒక్క కుండలోనే ఉంది. చివరి గదిలో ఒంటరిగా ఉండే రాజవ్వ కుండలో.

ఆ పేరు వినగానే గట్టయ్య నేల చూశాడు. కొమురక్క గోడవైపు తిరిగింది.

సంగతి ఇది. కొమురక్క పాతికేళ్లు ఈ గల్లీకి గాలి మేస్త్రీ. ఎవరి గది ముందు ఏ సామాను గాలికి అడ్డం ఉంది, ఎక్కడ పొగ, ఎక్కడ వాసన, అన్నీ చూసి గల్లీ పుస్తకంలో రాసేది. ఎనిమిదేళ్ల కిందట ఒక రోజు "రాజవ్వ కుండ కంపు, లోపలికొచ్చే గాలి పాడవుతోంది" అని రాసింది. రాసినదాని ప్రకారం రాజవ్వ గది మార్చారు. గాలి లోపలికొచ్చే మొదటి గది నుంచి, వాడిన గాలి బయటికి పోయే చివరి గదికి. డెబ్బై ఏళ్ల మనిషి ఎనిమిదేళ్లుగా అక్కడే ఉంది. మా గది నుంచి 412 అడుగులు.

వదిన తాగనంది. "ఆ ముసల్దాని ఎంగిలి నేను తాగుతనా? దాని కుండ గాలికే నాకు కడుపుల తిప్పేది."

నేను వాదించలేదు. చిట్టా తీసి, మూత తీయడానికి మిగిలిన రోజులు 38 అని చదివాను. తోడు నిలవడానికి 21 రోజులు పడుతుందని చదివాను. కణాలు వెయ్యి దాటడానికి ఇంకా రెండు మూడు రోజులు అని చదివాను. తీసివేత ఆమెనే చేసుకోమన్నాను. చేసుకుంది. ముక్కు మూసుకుని తాగొచ్చా అని అడిగింది.


ఆగస్టు 14. మూత 136వ రోజు.

గాలి గుడ్డలు 6. జొన్నపిండి 1 శేరు. పంకా వంతులు 2. రాజవ్వ గదికి ఒకసారి.

పగలే వెళ్లాను. దీపాలు పెట్టాక తోడు అడగకూడదు, అడిగినా ఇవ్వరు. రాజవ్వ వాకిట్లో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. నేను ఎందుకొచ్చానో గల్లీ అంతా ముందే చెప్పేసి ఉంటుంది. అయినా నన్నే చెప్పమంది. మొత్తం విని, చాట కింద పెట్టి, ఆమె బరువెంత ఉంది ఇప్పుడు అని అడిగింది. 46 అన్నాను. ఆ అంకె విన్నాక లేచి కుండ మూత తీసింది.

వాసన నిజమే. పులిసిన చింతపండు, తడి సున్నం కలిపినట్టు. వదిన అబద్ధం రాయలేదు.

రోజుకు ఒక గిద్ద, 21 రోజులు ఇస్తానంది. ఇరవై ఒకటి దాటి తీస్తే కుండ పలచబడుతుందని నాకూ తెలుసు. తోడు బాకీకి మా గల్లీ కట్టు ఒకటే. ఎన్ని గిద్దలు తెచ్చుకున్నా తిరిగి ఇచ్చేది ఒక్కటే, అది మాత్రం తాగినవాళ్ల నోటి నుంచి బతికి రావాలి. తాగడం మొదలుపెట్టి నలభై రోజులు నిండాక ఇవ్వాలి. బాలింత లెక్కే. నలభై నిండని నోటి తోడుతో కుండ నిలవదు.

రాజవ్వ ఒక షరతు కలిపింది.

"తీర్చేటప్పుడు కొమురక్కనే తేవాలె. నడిచి తేవాలె. నీ చేతుల కెల్లి తీస్కోను బిడ్డా."

గల్లీ పుస్తకంలో రాసి, వేలిముద్ర వేయించుకుని వచ్చాను.


ఆగస్టు 15. మూత 137వ రోజు.

కాపలా కణాలు 1,120. ఉదయం ఆరు గంటలకు మొదటి గిద్ద. ప్రతి గుక్కా గొంతులో కాసేపు నిలిపి మింగాలి, ఆ తర్వాత గంటసేపు నీళ్లు తాగకూడదు. వదిన తాగింది. ముఖం పెట్టిన తీరు ఇక్కడ రాయను. గంట అయిందా అని గట్టయ్యను గడియారం చూడమంది. అప్పటికి నేను పంకా వంతుకు బయలుదేరాను.

మిగతా పనులు మామూలే.


ఆగస్టు 22. మూత 144వ రోజు.

గాలి గుడ్డలు 6. నీళ్లు 4. దీపాలు 3. పంకా వంతులు 2. తెచ్చిన గిద్దలు మొత్తం 8.

ఎనిమిదో రోజు నాలుక మీద పరీక్ష పట్టీ వేసి చూశాం. తోడు పడితే పట్టీ నీలం అవుతుంది. తెల్లగానే ఉంది. కొందరికి పది రోజులు పడుతుందని డాక్టరమ్మ అంది. నేను తలుపు వెనక గీసిన లెక్క ముందు నిలబడ్డాను. కంగారు పడితే ఒక రోజు కలిసిరాదు. అందుకని పడలేదు.


ఆగస్టు 26. మూత 148వ రోజు.

గిద్దలు 12. పట్టీ తెలుపు.

డాక్టరమ్మ ముఖంలో మొదటిసారి సందేహం చూశాను. ఈ ఒంటికి ఆ తోడు సరిపడలేదేమో, పై గదికి పేరు రాయించడం మంచిదేమో అంది. నాకు ఒక పూట ఇవ్వమన్నాను.

వంట లెక్కలో ఏదైనా తేడా వస్తే నేను చేసేది ఒకటే. డబ్బాలన్నీ దింపి తూచుతాను. తోడు కూడా వంటే కదా అనుకున్నాను. అంబలి వేడి చూశాను, సరిగ్గా ఉంది. గిద్ద కొలత సరిగ్గా ఉంది. చెంబు కడిగిన నీళ్లలో సబ్బు లేదు. తర్వాత ఆమె నోట్లోకి వెళ్లే ప్రతిదీ తూచడం మొదలుపెట్టాను. జొన్నలు, పప్పు, బెల్లం, చింతపండు. అన్నీ చిట్టాతో కుదిరాయి. పసుపు డబ్బా దగ్గర ఆగాను.

ఒకటో తారీఖున 200 గ్రాములు. మా వంటకు రోజుకు నాలుగు. ఇరవై ఐదు రోజులకు వంద పోవాలి, వంద ఉండాలి. తక్కెడ 34 చూపింది. 66 గ్రాములు లేవు. పసుపు ఎవరూ దొంగిలించరు. 66ని తోడు మొదలైన రోజు నుంచి నిన్నటిదాకా పదకొండు రోజులకు పంచాను. రోజుకు ఆరు. అంటే రెండు చెంచాలు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. రెండు పూటలూ నేను పంకా తొక్కే సమయంలో.

గట్టయ్యను పిలిచి డబ్బా చూపించాను. ఆయన దాచలేదు. దాచవలసిన పని చేశానని ఆయనకు తెలియదు. చిన్నప్పుడు తల్లి పోతే ఆయనను పెంచింది కొమురక్క. గొంతు ఎప్పుడు నొచ్చినా ఉప్పు, పసుపు వేసిన వేన్నీళ్లతో పుక్కిలి పట్టించేది. ఇప్పుడు తమ్ముడు అక్కకు అదే చేస్తున్నాడు. డాక్టరమ్మ చెప్పిన గంట అయ్యేదాకా ఆగి మరీ.

"నాకు జేసింది నేను జేసిన. మంచిదే గద పసుపు," అన్నాడు.

తెర వెనక నుంచి వదిన గొంతు వచ్చింది. "వాణ్ని అనకు. నేనే అడిగిన. ఒకల ఎంగిలి తాగినంక నోరు కడుక్కోవాలె గద."

డాక్టరమ్మ పట్టీ మీద రాజవ్వ అంబలి ఒక చుక్క, పసుపు ఉప్పు నీళ్లు ఒక చుక్క వేసి పెట్టింది. ఇంకో పట్టీ మీద ఉత్త అంబలి. సాయంత్రానికి ఉత్తది నీలంగా తేలింది. పసుపుది తెల్లగా పడి ఉంది. పసుపు తప్పు కాదు, పాతుకున్న తోడును అది ఏమీ చేయలేదు, కొత్తగా దిగినదాన్ని మాత్రం నిలవనివ్వదు అని చెప్పింది. ఆమె ఈ మాట ముందు చెప్పలేదు, మేము అడగలేదు. ఇద్దరి ఖాతాలోనూ రాసుకున్నాను.

వదిన ఒంటికి తోడు సరిపడదన్న మాట అబద్ధమని తేలింది. నా వరకు ఈ రోజు మంచి రోజు.

పసుపు డబ్బా నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. పప్పు తెల్లగా ఉంటుంది, తింటారు.


ఆగస్టు 27. మూత 149వ రోజు.

గాలి గుడ్డలు 6. నీళ్లు 4. పంకా వంతులు 2.

మళ్లీ ఒకటో రోజు. ఇక్కడి నుంచి 21 అంటే సెప్టెంబరు 16. మూత తీయడానికి నాలుగు రోజుల ముందు. సరిపోతుంది, జారడానికి చోటు లేదు.

రాజవ్వకు ఉన్నదున్నట్టు చెప్పాను. పన్నెండు గిద్దలు వృథా చేశామని, మళ్లీ ఇరవై ఒకటి కావాలని. ఆమె చెంపకు గుడ్డ కట్టుకుని ఉంది. పన్ను పీకించుకుందట, పది రోజులు మందులు రాశారట. వాపు నోటితోనే నవ్వింది.

"నా ఎంగిలి తాగి పసుపుతోని కడిగిందా? దాని తలకాయ. కంపు అని రాసింది, కడిగి సూపించింది," అంది. చెంబు నింపి ఇచ్చింది.

ఈ రోజు నుంచి అంబలి తాగాక వదిన పక్కన ఒక గంట నేనే కూర్చుంటున్నాను. నా పొద్దుటి పంకా వంతు గట్టయ్య తొక్కుతున్నాడు, బదులుగా ఆయన వంతు ఒకటి సాయంత్రం నేను తొక్కుతున్నాను. పక్క గదివాళ్లు, మొగుడు పంకా తొక్కుతుంటే పెళ్లాం మంచం పక్కన కూర్చుందని గల్లీలో చెప్పుకుంటున్నారు. నిజమే.


సెప్టెంబరు 3. మూత 156వ రోజు.

ఎనిమిదో రోజు. పట్టీ అంచున నీలం. గోరంత.

వదిన పట్టీని దీపానికి దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది. గట్టయ్య కళ్లు తుడుచుకుంటుంటే, ఏడిస్తే ముక్కు కారుతది, ముక్కు కారితే నా దగ్గరికి రానియ్యరు, ఆపు అంది.

బరువు 48. కాపలా కణాలు 1,900. రెండు జొన్నరొట్టెలు తింది. తెల్లపప్పుకు పేరు పెట్టింది, "రోగిష్టి పప్పు" అని.


సెప్టెంబరు 11. మూత 164వ రోజు.

గాలి గుడ్డలు 6. నీళ్లు 4. జొన్నపిండి 2 శేర్లు, అందులో ఒకటి రాజవ్వకు.

పదహారో గిద్ద. మొత్తం 28.

రోజూ రాజవ్వ చెంబు నింపి వాకిట్లో సిద్ధంగా పెట్టేది. ఈ రోజు నేను కొంచెం ముందు వెళ్లాను. ఆమె లోపల ఉంది. పిండి ఇద్దామని తెర తీశాను. కుండ గోడవారన బోర్లించి ఉంది. కడిగి ఎండబెట్టిన కుండ. మా గల్లీలో తోడు కుండ బోర్లించి ఉండదు, చావు ఇంట్లో తప్ప.

అడిగాను. ఆమె జొన్నల చాట వంక చూస్తూ చెప్పింది. నాలుగు రోజులైందట బూజు పట్టి. ఇరవై ఒకటి దాటి తీసేసరికి కుండ పలచబడింది. పలచబడితే మామూలుగా తన నోటి చెంచాతో బలం చేసుకునేది. పన్ను మందులు ఆ నోటినీ ఖాళీ చేశాయి. బూజు మొదలైన పొద్దున్నే అడుగున బాగున్న నాలుగు గిద్దలు వేరే గిన్నెలోకి తీసి దాచింది. నాకు పోస్తున్నవి అవే. ఈ రోజుది చివరిది.

ఎందుకు చెప్పలేదు అని అడిగాను.

"చెప్తే నువ్వు తీస్కపోదువా? లెక్కల మనిషివి. సగం నాకే ఇడిసిపెట్టి పోదువు," అంది. "సగం తోని ఆమె లేవది, నా కుండా లేవది."

నిజమే, నేను సగం వదిలేదాన్ని. ఆమె లెక్క నా లెక్క కన్నా బాగుంది.

412 అడుగులు చెంబు పట్టుకుని వచ్చాను. ఒక్క చుక్క ఒలకలేదు. వదిన తాగాక, గంట గడిచాక చెప్పాను. విని, ఆ గిన్నెలో ఎన్ని గిద్దలు దాచిందన్నావ్ అని మళ్లీ అడిగింది. నాలుగు అన్నాను. తెర వేయమంది.

ఇక రాజవ్వ తోడు ఈ లోకంలో ఒక్కచోటే ఉంది. కొమురక్క గొంతులో. అది కూడా పదహారు రోజుల పసిది. మిగిలిన ఐదు గిద్దలు లేకుండా అది తనంతట తాను నిలవాలి. డాక్టరమ్మ ఇక చేసేదేమీ లేదంది, ముందు జాగ్రత్తకు పై గదికి పేరు రాయించింది. జొన్న అంబలి ఉత్తదే రోజూ తాగించమంది, ఉన్నవాటికి తిండి అయినా ఉంటుందని. అది మా చేతిలో పనే.


సెప్టెంబరు 16. మూత 169వ రోజు.

పట్టీ నీలం. అంచు నుంచి అంచుదాకా.

పై గదికి రాయించిన పేరు కొట్టేయించాను. గాలి గుడ్డలు 6, నీళ్లు 4, పంకా వంతులు 2. ఈ రోజు గట్టయ్య వంతు కూడా నేనే తొక్కాను, కాళ్లకు తెలియలేదు.


సెప్టెంబరు 20. తెరుపు 1వ రోజు.

తలుపులు తీశారు. మొదటి గాలికి మట్టి వాసన, ఎక్కడిదో వాన వాసన. అందరూ బోను దగ్గర గుమిగూడారు. మేము వెళ్లలేదు. గది ముందు రెండు గాలి గుడ్డలు అదనంగా కట్టాను. ఉతకవలసినవి ఇక రోజుకు 8.


సెప్టెంబరు 27. తెరుపు 8వ రోజు.

నిన్న నాలుగు గదుల్లో దగ్గు. ఈ రోజు తొమ్మిది. గట్టయ్యకు ముక్కు కారుతోంది, పక్క గదిలో పడుకోబెట్టాను.

మధ్యాహ్నం ఒంటిగంటకు కొమురక్క తుమ్మింది. రెండుసార్లు. సాయంత్రం నాలుగుకు జ్వరం 99.2. ఆరుకు 99.8.

డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. 100.4 తాకితే ఒక్క నిమిషం ఆగకుండా సూది మందు వేయాలి, ఈ ఒంటితో జూదం ఆడకూడదు అంది. ఆ మందు వేస్తే గొంతులో తోడు పోతుంది. వదినకు బాగవుతుంది, రాజవ్వ కుండ మాత్రం ఇక ఎప్పటికీ లేవదు. నేను మందు సీసా, సూది బల్ల మీద పెట్టించాను. మనిషి ముందు, కుండ తర్వాత. ఇందులో నాకు సందేహం లేదు.

సందేహం వచ్చింది కొమురక్కకు. ఇంకొంచెం ఎక్కువ దాకా ఆగొచ్చా అని డాక్టరమ్మను అడిగింది. ఒకరి కుండ కోసం.

ఆ మాట ఎట్లా చేరిందో, రాజవ్వ చివరి గది నుంచి నడిచి వచ్చింది. లోపలికి రానివ్వరని తెలిసి తెర బయటే నిలబడింది.

"ఓ కొమురక్కా," అని పిలిచింది. ఎనిమిదేళ్లలో మొదటిసారి. "కుండ కోసం ఆగినవో, నేనే వచ్చి సూది పొడుస్త. పాతికేండ్లు గాలి సూసినవ్, ఇయ్యాల ఊపిరి సూస్కో."

"నీ కంపు నా గొంతులనే ఉన్నది అవ్వా. ఎటు పోలే," అంది లోపల నుంచి కొమురక్క.

"పోతే పోయింది," అని రాజవ్వ వెళ్లిపోయింది.

ఏడుకు 100.1. ఎనిమిదికి 100.1. తొమ్మిదికి 99.9.

సూది బల్ల మీదే ఉంది.


సెప్టెంబరు 28. తెరుపు 9వ రోజు.

జ్వరం 99.4. దగ్గు పైపైన. ఛాతీ చప్పుడు శుభ్రంగా ఉందని డాక్టరమ్మ రెండుసార్లు విని చెప్పింది. గట్టయ్య ముక్కు మాత్రం ఇంకా కారుతోంది, అక్కకంటే ఎక్కువ మూలుగుతున్నాడు. గాలి గుడ్డలు 8.


అక్టోబరు 1. తెరుపు 12వ రోజు.

జ్వరం లేదు. పట్టీ నీలం. గల్లీలో ఇరవై రెండు గదులు దగ్గాయి. కొమురక్క మంచం మీద కూర్చుని, ఎవరి దగ్గు ఏ గదిదో చప్పుడును బట్టి చెబుతోంది. ఒక్కటీ తప్పు పోలేదు.

సూది మందు డాక్టరమ్మకు తిరిగి ఇచ్చాను. వాడనిది.


అక్టోబరు 6. తెరుపు 17వ రోజు.

నిన్నటితో నలభై రోజులు నిండాయి.

ఉదయం అయిదున్నరకు జొన్న అంబలి కాచి ఆరబెట్టాను. గోరువెచ్చన అయ్యాక కొమురక్క నోరు కడగకుండా ఒక చెంచా నోట్లో నిలిపి, గిద్ద చెంబులో వదిలింది. ఎంగిలి అని ముఖం పెట్టలేదు. మూత తనే కట్టింది.

నడిచింది. 412 అడుగులు, నాలుగుచోట్ల ఆగింది. నేను రెండడుగుల వెనక, గల్లీ పుస్తకం పట్టుకుని నడిచాను. చెంబు పట్టుకుంటానని ఒకసారి అన్నాను. షరతు మరిచిపోయినవా అంది. గల్లీలో జనం గదుల ముందుకు వచ్చి చూశారు.

రాజవ్వ కొత్త అంబలి కాచి కుండ సిద్ధం చేసుకుంది. కొమురక్క చెంబు అందించింది. రాజవ్వ మూత తీసి వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

"కంపు కొడుతున్నది," అంది.

"నీదే," అంది కొమురక్క.

కుండలో పోసి గుడ్డ కట్టారు. అప్పుడు కొమురక్క నా చేతిలోని గల్లీ పుస్తకం అడిగి తీసుకుంది. ఎనిమిదేళ్ల కిందటి పేజీ తీసింది. తను రాసిన వాక్యం మీద కలం పెట్టి కొట్టేయబోతే రాజవ్వ ఆపింది.

"కొట్టెయ్యకు. కంపు కంపే. అది లేకుంటే తోడు బతికున్నట్టు ఎట్ల తెలుస్తది? కింద రాయి, గది మార్చమని. మొదటి గదికి. నా కుండ గాలి మొదలు అందరికి పోవాలె."

కొమురక్క రాసింది. గాలి మేస్త్రీ సంతకం పెట్టింది. ఉద్యోగం పోయి ఏడాది అయింది కానీ, ఆ సంతకాన్ని ఈ గల్లీలో ఎవరూ కాదనరు. డాక్టరమ్మ కూడా కింద పేరు రాసింది.


అక్టోబరు 8. తెరుపు 19వ రోజు.

ఉతికిన గాలి గుడ్డలు 6. నీళ్లు 4 బిందెలు. పంకా వంతులు 2. రాజవ్వ సామాను మోసిన సార్లు 3, ఒక్కొక్కసారి 400 అడుగులు దాటి. పసుపు డబ్బా పెట్టె తాళం తీసి మళ్లీ అరలో పెట్టాను. పప్పు పచ్చగా వండాను. కొమురక్క బరువు 51.

మధ్యాహ్నం రాజవ్వ కుండ మీద పట్టీ వేశాం. నీలం తేలింది. మొదటి గది ముందు నుంచి వచ్చే గాలిలో పులిసిన చింతపండు, తడి సున్నం వాసన. మా గదిదాకా వస్తోంది.

రాజవ్వ ఖాతా: తెచ్చినవి 28 గిద్దలు, వృథా 12, నిలిచినవి 16. ఇచ్చింది ఒకటి, కొమురక్క చేతి మీదుగా, నడిచి, బతికి.

బాకీ చెల్లు.